ఏడేళ్ల శిక్ష అయిపోయాక ఐరిష్ ఖైదీలు ఇంటికి ఎందుకు తిరిగి వెళ్లలేదు?

టూంగాబీవాసి:

అందరికీ నమస్తే. మేం సిడ్నీకి పడమటి వైపు టూంగాబీలో ఉంటున్నాం. మా పక్కింటి పెద్దావిడకి ఎనభై దాటాయి. ఈ మధ్య ఆవిడ మనవడు కూర్చుని వాళ్ల వంశం సంగతులన్నీ తవ్వి తీశాడు. వాళ్ల పూర్వీకుడొకడు ఐర్లాండ్‌లోని టిప్పరేరీ నుంచి 1830ల్లో ఖైదీల ఓడలో ఇక్కడికి వచ్చాడట. నేరం గొర్రెల దొంగతనం, శిక్ష ఏడేళ్లు. ప్రింటు తీసిన కాగితం నా చేతిలో పెట్టి చదవమంది. ఎత్తు ఎంత, కళ్ల రంగు ఏంటి, ఎడమ చేతి మీద మచ్చ, చదువు రాదు, మతం కాథలిక్, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు... పోలీసు స్టేషన్లో కూడా ఇంత వివరంగా రాస్తారో లేదో.

ఈ సంగతి వాళ్ల అమ్మ బతికుండగా ఇంట్లో ఎత్తనిచ్చేది కాదట. ఇప్పుడు మనవడు మాత్రం ఫ్రేము కట్టించి గోడకి తగిలించాడు!

నాకు అర్థం కానిది ఒకటే. శిక్ష ఏడేళ్లే కదా, అక్కడ భార్యాపిల్లలు ఉన్నారు కదా, మరి మనిషి ఎందుకు తిరిగి వెళ్లలేదు? పైగా ఇక్కడ ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఇంకో మాట కూడా విన్నాను, ఐరిష్ ఖైదీలంటే ఎక్కువమంది స్వాతంత్ర్యం కోసం పోరాడినవాళ్లేనని. అది ఎంతవరకు నిజం? వాళ్లని ఇక్కడ ఏ జైల్లో పెట్టేవాళ్లు? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పాతకాగితాలు:

నమస్తే అండీ. రిటైరయ్యాక నాకు ఇదే కాలక్షేపం, ఖైదీల రికార్డులు చదివి రాసుకోవడం. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను, విసుగొస్తే వదిలేయండి.

ముందు ఆ జైలు బొమ్మని మనసులోంచి తీసేయండి. 1830ల్లో న్యూ సౌత్ వేల్స్‌కి వచ్చిన మగ ఖైదీల్లో చాలామంది నాలుగు గోడల మధ్య లేరు. ఓడ దిగగానే వాళ్లని ఎవరో ఒక యజమానికి అప్పజెప్పేవాళ్లు. దాన్ని అసైన్‌మెంట్ అనేవారు. గొర్రెలు కాయడం, చెట్లు కొట్టడం, కంచెలు కట్టడం పని. యజమాని తిండి, బట్ట ఇవ్వాలి, జీతం మాత్రం ఇవ్వక్కర్లేదు. మీవాళ్లాయన గొర్రెలు దొంగిలించి వచ్చి మళ్లీ గొర్రెలే కాసి ఉంటే నేనేమీ ఆశ్చర్యపోను. ఇలాంటివి కాగితాల్లో బోలెడు కనిపిస్తాయి.

యజమాని తన చేత్తో కొరడా పట్టకూడదు. మేజిస్ట్రేటు దగ్గరికి పంపాలి. వినడానికి బాగానే ఉంది, కానీ ఆ మేజిస్ట్రేటు చాలాసార్లు పక్క ఎస్టేటు యజమానే! ఎదురు చెప్పాడు, బద్ధకించాడు, తాగాడు అంటే చాలు, దెబ్బలు పడేవి. ఇలాంటి చిన్న కేసుల్లో ఒక మేజిస్ట్రేటు వేయగల దెబ్బలకి 50 అని గవర్నర్ రిచర్డ్ బోర్క్ 1832లో హద్దు పెట్టించాడు. బోర్క్ కూడా ఐర్లాండ్ వాడే. దానికే ఎస్టేటుల వాళ్లు గోల గోల చేశారు, ఖైదీలు నెత్తినెక్కుతారని. దెబ్బలకీ లొంగనివాణ్ని కాళ్లకి ఇనుప గొలుసులు వేసి రోడ్డు పనికి తోలేవాళ్లు. అక్కడా కుదరకపోతే నార్ఫోక్ దీవి, అంటే మొండి ఖైదీల కోసం సముద్రం మధ్యలో పెట్టిన జైలు.

తిన్నగా ఉంటే ఏడేళ్ల వాడికి నాలుగేళ్లకి టికెట్ ఆఫ్ లీవ్ దొరికేది. పద్నాలుగేళ్ల వాడికి ఆరేళ్లకి, యావజ్జీవం వాడికి ఎనిమిదేళ్లకి. ఆ టికెట్ ఉంటే తన కష్టం తను చేసుకుని తన కూలి తను తీసుకోవచ్చు, అదీ టికెట్‌లో రాసిన జిల్లా దాటకుండా. శిక్ష పూర్తయ్యాక సర్టిఫికెట్ ఆఫ్ ఫ్రీడం. అది ఎప్పుడూ జేబులో ఉండాల్సిందే. ఎందుకంటే 1830లో వచ్చిన చట్టం ప్రకారం పారిపోయిన ఖైదీవేమోనని అనుమానం వస్తే చాలు, పట్టుకోవచ్చు. కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత పట్టుబడ్డవాడిదే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఎందుకు వెళ్లలేదు?

వెళ్లొద్దని ఎవరూ అనలేదు. ఏడేళ్లు పూర్తయినవాడికి చట్టం అడ్డు రాదు. కానీ ప్రభుత్వం ఓడ ఖర్చు పెట్టుకునేది ఇక్కడికి రావడానికే. తిరుగు ప్రయాణం ఎవడిది వాడే చూసుకోవాలి. అప్పట్లో ఐర్లాండ్‌లోని కార్క్ రేవు నుంచి సిడ్నీకి నాలుగు నెలల దాకా పట్టేది. ఆ ప్రయాణానికి టికెట్ డబ్బు కూడబెట్టడం ఒక గొర్రెల కాపరికి అయ్యే పనేనా? కుర్రవాళ్లైతే ఓడలో పనికి కుదిరి వెళ్లిపోయేవాళ్లు, కొందరు అలాగే వెళ్లారు. నడివయసు వాడికీ, ఆడవాళ్లకీ ఆ దారి కూడా లేదు. గడువు తీరకుండానే తిరిగి వెళ్లి దొరికితే 1834 దాకా ఉరిశిక్షే రాసిపెట్టి ఉండేది. ఇక యావజ్జీవం పడినవాళ్లకి దొరికేది ఎక్కువగా షరతులతో కూడిన క్షమాభిక్ష. ఆ షరతు ఏంటంటే కాలనీలో స్వేచ్ఛగా బతకొచ్చు, ఐర్లాండ్‌లో మాత్రం అడుగు పెట్టకూడదు.

డబ్బున్నవాడు వెళ్లాడు చూడండి. కార్క్‌కి చెందిన సర్ హెన్రీ బ్రౌన్ హేస్ అని ఒక పెద్దమనిషి, ఆస్తి కోసం క్వేకర్ అనే క్రైస్తవ శాఖకి చెందిన ఒక ధనవంతురాలిని ఎత్తుకుపోయి బలవంతంగా పెళ్లి తంతు జరిపించాడు. 1802లో ఇక్కడికి వచ్చాడు. ఖైదీగా వచ్చి సిడ్నీ హార్బర్ పక్కన వోక్లూజ్‌లో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాడు! పాములు రాకుండా ఐర్లాండ్ నుంచి మట్టి తెప్పించి ఇంటి చుట్టూ పోయించాడని కూడా చెబుతారు. సెయింట్ పాట్రిక్ ఐర్లాండ్‌లో పాములు లేకుండా చేశాడని వాళ్ల నమ్మకం కదా, అందుకని. మట్టి పని చేసిందో లేదో పాముల్నే అడగాలి. 1812లో క్షమాభిక్ష దొరికింది, ఓడెక్కాడు. దారిలో ఫాక్లాండ్ దీవుల దగ్గర ఓడ బద్దలైనా బతికి బయటపడి కార్క్ చేరాడు. అదే ఓడలో జోసెఫ్ హోల్ట్ అని, ఐర్లాండ్‌లోని విక్లో ప్రాంతపు తిరుగుబాటు నాయకుడు కూడా ఉన్నాడు. ఆయనా ఇల్లు చేరాడు. చేరాక, ఆస్ట్రేలియా వదిలి ఎందుకొచ్చానా అని బాధపడ్డాడు.

హోల్ట్ బాధలోనే మీ ప్రశ్నకి సగం జవాబు ఉంది. అక్కడ ఏముందని వెళ్లాలి? బంగాళాదుంపలు వేసుకునే కాస్త నేల, అదీ కౌలుకి, కౌలు కట్టలేకపోతే ఇంటి పైకప్పు పీకేసే భూస్వామి. ఇక్కడ, తొలి రోజుల్లో విడుదలైన ఖైదీకి 30 ఎకరాలు ఇచ్చేవాళ్లు. పెళ్లయితే ఇంకో 20, పిల్లకి పదేసి. 1831లో ఆ ఉచిత పంపకం ఆపేశారు కాబట్టి మీవాళ్లాయనకి అది దక్కి ఉండదు. కానీ కూలి దొరికేది, వారం వారం మాంసం దొరికేది. ఆ ఎకరాలు ఎవరివి అన్నది వేరే కథ. టూంగాబీ, పారమట్టా అంతా ఇక్కడి ఆదివాసులైన ధరుగ్ జనం నేల. వాళ్లని అడిగి ఎవరూ పంచలేదు.

ఆస్ట్రేలియాలో పేరుమోసిన బందిపోటు నెడ్ కెల్లీ పేరు వినే ఉంటారు. వాళ్ల నాన్న జాన్ కెల్లీ కూడా టిప్పరేరీ వాడే. రెండు పందులు దొంగిలించాడని 1841లో ఏడేళ్లు వేసి వాన్ డీమెన్స్ ల్యాండ్‌కి, అంటే ఇప్పటి టాస్మేనియాకి పంపారు. 1848లో విడుదలయ్యాడు. ఆ టైముకి ఐర్లాండ్‌లో కరువు, ఊళ్లకి ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. ఆయన ఇంటి దారి పట్టలేదు, సముద్రం దాటి ఇప్పటి విక్టోరియాకి వెళ్లి అక్కడే పెళ్లి చేసుకున్నాడు.

కొండమీదిగాలి:

పాతకాగితాలు సార్ చక్కగా చెప్పారు గానీ రెండో ప్రశ్న దాటేశారు. స్వాతంత్ర్య పోరాటం సంగతి నేను చెప్తా. నేనుండేది రౌజ్ హిల్ దగ్గర. మా ఇంటి నుంచి కారులో కాసేపటి దూరంలోనే ఐరిష్ ఖైదీల తిరుగుబాటు యుద్ధం జరిగింది, సగం మందికి తెలీదు.

1798లో ఐర్లాండ్‌లో బ్రిటిష్ పాలన మీద యునైటెడ్ ఐరిష్‌మెన్ అనే సంఘం చేసిన తిరుగుబాటు విఫలమయ్యాక మినర్వా, ఫ్రెండ్‌షిప్, ఆన్ లాంటి ఓడల్లో వాళ్లని ఇక్కడికి తోలారు. టూంగాబీవాసి గారూ, 1800లో మీ టూంగాబీలోనే ఏం జరిగిందో వినండి. ఖైదీలు ఈటెలు చేసి దాచారని అనుమానించి విచారణ మొదలెట్టారు. మారిస్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే నడివయసు మనిషికి, పాడీ గాల్విన్ అనే కుర్రాడికి 300 దెబ్బలు చొప్పున. కట్టేసిన చెట్టుకి అటొకడు ఇటొకడు కొట్టేవాళ్లు నిలబడ్డారు, ఒకడు కుడిచేతి వాటం, ఇంకొకడు ఎడమచేతి వాటం. సార్ పైన చెప్పిన హోల్ట్‌ని బలవంతంగా దగ్గర నిలబెట్టి చూపించారు. గాలికి రక్తం, కండ తన మొహం మీద పడ్డాయని రాసుకున్నాడు. ఫిట్జ్‌జెరాల్డ్ అరవలేదు. గాల్విన్‌కి వీపు అయిపోయాక కాళ్ల మీద కొట్టారు. ఈటెలు ఎక్కడున్నాయో చెప్పలేదు.

తర్వాత నాలుగేళ్లకి, 1804 మార్చి 4 ఆదివారం రాత్రి, కాసిల్ హిల్ ప్రభుత్వ పొలంలో ఒక గుడిసెకి నిప్పు పెట్టి ఖైదీలు లేచారు. నాయకుడు ఫిలిప్ కన్నింగ్‌హామ్. హాక్స్‌బరీ వైపు వాళ్లని కలుపుకుని సిడ్నీ మీద పడి, ఓడలెక్కి ఇంటికి పోవాలని పథకం. చూశారా, ఇంటికి పోవాలన్న కోరిక లేక కాదు! మర్నాడు మేజర్ జార్జ్ జాన్‌స్టన్ మాట్లాడదాం రమ్మని పిలిచి, కన్నింగ్‌హామ్ ఎదురుగా వస్తే తలకి పిస్టల్ పెట్టించి పట్టుకున్నాడు. సంధి మాట అని నమ్మించి చేసిన పని అది. పదిహేనుమంది అక్కడికక్కడే పోయారు. తొమ్మిదిమందిని ఉరి తీశారు, కన్నింగ్‌హామ్‌ని విచారణ కూడా లేకుండా. ఆ ముందు ఏడాదే ఫాదర్ డిక్సన్ అనే ఖైదీ పూజారికి కాథలిక్ ప్రార్థన జరపడానికి అనుమతిచ్చారు, ఈ గొడవతో అదీ తీసేశారు. మళ్లీ ప్రభుత్వం ఒప్పుకున్న పూజారులు రావడానికి 1820 దాకా ఆగాల్సొచ్చింది.

కాబట్టి వీళ్లని గొర్రెల దొంగలని తీసిపారేయకండి.

పాతకాగితాలు:

నేను ఎవర్నీ తీసిపారేయలేదు మహానుభావా. లెక్క చెప్తున్నా. 1788 నుంచి 1868 దాకా ఆస్ట్రేలియాకి వచ్చిన ఖైదీలు 1,60,000 పైచిలుకు. అందులో ఐర్లాండ్ నుంచి నేరుగా వచ్చినవాళ్లు 40,000 దాకా. రాజకీయ ఖైదీలు వాళ్లలో చిన్న వాటా. మిగతా జనం బట్టలు, ఆవులు, గొర్రెలు, డబ్బు దొంగిలించినవాళ్లే. కథలు పుట్టేది మాత్రం ఆ చిన్న వాటా చుట్టూనే, ఎందుకంటే వాళ్లకి రాయడం వచ్చు.

అయితే మధ్యలో ఇంకో రకం ఉన్నారు, వాళ్లని ఏ గంపలో వెయ్యాలో నాకూ తెలియదు. 1820ల మొదట్లో ఐర్లాండ్ దక్షిణాన కౌలు గొడవలు ముదిరాయి. ఇన్సరెక్షన్ యాక్ట్, అంటే తిరుగుబాట్లని అణచే చట్టం, అమల్లో ఉన్న జిల్లాలో పొద్దు గూకిన దగ్గర్నుంచి పొద్దు పొడిచే దాకా ఇంట్లో లేకపోతే నేరం. రాత్రిపూట తనిఖీకి వచ్చినప్పుడు మనిషి మంచం మీద లేడంటే ఏడేళ్లు పడొచ్చు. అతను తుపాకీ పట్టుకుని తిరుగుతున్నాడా, ఈనుతున్న ఆవు దగ్గర ఉన్నాడా అన్నది తర్వాతి మాట. వీళ్లు పోరాటయోధులా, దొంగలా, ఎవరూ కాదా?

ఇంటికి పోవాలన్న కోరిక విషయంలో మీతో ఒప్పుకుంటా. ఐర్లాండ్ నుంచి నేరుగా వచ్చిన మొదటి ఓడ క్వీన్, 1791 సెప్టెంబర్లో దిగింది. దారిలో తిండి కోసేసి ఖైదీల కడుపు మాడ్చారని దిగాక విచారణ కూడా జరిగింది. నవంబర్లోనే 20 మంది మగవాళ్లు, ఒక గర్భిణి కలిసి పారమట్టా వైపు నుంచి అడవిలోకి నడిచిపోయారు. ఎక్కడికి అంటే చైనాకి! ఉత్తరంగా వంద మైళ్లు పోతే ఒక నది వస్తుందనీ, దాటితే చైనా అనీ వాళ్ల లెక్క. కొందరు అడవిలోనే చచ్చిపోయారు, కొందరు ఎండిపోయి దొరికారు. సైనికాధికారి వాట్కిన్ టెంచ్ వెళ్లి వాళ్లని స్వయంగా అడిగి రాసుకున్నాడు. అప్పట్నుంచీ ఐరిష్ వాళ్ల తెలివితక్కువతనం అని జోకులు వేసేవాళ్లు. నాకైతే అందులో నవ్వడానికేం కనబడదు. మ్యాపు చూసి ఎరగని మనుషులు. దానికి తోడు ఆ ఓడతో రావాల్సిన శిక్ష వివరాల కాగితాలు రానేలేదు, ఏళ్ల తరబడి. ఎవరి గడువు ఎప్పుడు తీరుతుందో గవర్నర్‌కే తెలియదు. నాకు ఎప్పుడు విడుదల అని అడిగితే జవాబు చెప్పేవాడు లేని చోట నడక మొదలెట్టడం పిచ్చి ఎలా అవుతుంది?

డెర్వెంట్ ఒడ్డు:

మగవాళ్ల మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. అంతా అన్నలూ తాతలే గానీ ఆడవాళ్ల మాట ఎవరూ ఎత్తరేం? నేను టాస్మేనియాలోని హోబర్ట్‌లో నర్సుని. డ్యూటీ లేని రోజుల్లో కాస్కేడ్స్ ఫీమేల్ ఫ్యాక్టరీ గోడల పక్కన నడుస్తుంటాను, అందుకే ఈ విషయం పట్టుకుంది నన్ను.

ఫ్యాక్టరీ అంటే జైలు, పని చేయించే చోటు, ప్రసూతి ఆసుపత్రి, మూడూ కలిపి. 1828లో పాత సారా బట్టీలో మొదలెట్టారు. కొండ నీడ, పక్కనే వాగు, చలికాలంలో గోడలకి చెమ్మ. ఇక్కడికొచ్చాక మళ్లీ తప్పు చేసి శిక్ష మీద ఫ్యాక్టరీకి వచ్చిన ఆడవాళ్ల రవికె వీపు మీద, కుడి చేతి మీద, పావడా మీద పసుపు రంగు ఇంగ్లీషు సీ అక్షరం కుట్టేవాళ్లు. ఊరి బట్టలన్నీ ఉతకడం వాళ్ల పని. ఇళ్లలో పనికి పంపేవాళ్లు. అక్కడ గర్భం వస్తే, ఎవరి వల్ల అని అడగకుండా, మనిషిని ఇక్కడికే వెనక్కి పంపేవాళ్లు. బిడ్డ పాలు మానగానే తల్లిని విడదీసి పనికి తోలేవాళ్లు. బతికిన పిల్లలు మూడేళ్ల వయసులో న్యూ టౌన్‌లోని అనాథ పాఠశాలకి పోయేవాళ్లు. బతికిన పిల్లలు అని ఎందుకన్నానంటే, చాలామంది బతకలేదు. విరేచనాలు, ఇరుకు, గాలి లేని గది. నా వృత్తి వల్లేమో, ఆ మరణాల పట్టిక నేను ఒక పేజీ మించి చదవలేకపోయాను.

కరువు రోజుల్లో, 1845 తర్వాత, కొందరు ఐరిష్ ఆడవాళ్లు కావాలనే గడ్డివాములకి నిప్పు పెట్టి, మేమే పెట్టాం అని ఒప్పుకునేవాళ్లు. నిప్పు పెడితే ద్వీపాంతరం ఖాయం, ఇంట్లో ఉంటే ఆకలి ఖాయం. పంపే ముందు డబ్లిన్‌లోని గ్రేంజ్‌గోర్మన్ డిపోలో కుట్టుపని, ఇంటిపని నేర్పేవాళ్లు. కొందరు చిన్నపిల్లల్ని కూడా వెంట తెచ్చుకున్నారు. అందరూ చేరలేదు. 1835లో కార్క్ నుంచి బయల్దేరిన నీవా అనే ఓడ కింగ్ దీవి దగ్గర రాళ్లకి కొట్టుకుంది. 239 మందిలో మిగిలింది 15 మంది.

పాపం అంటే ఊరుకునే రకం కాదు లెండి వీళ్లు. 1827 అక్టోబర్లో పారమట్టా ఫ్యాక్టరీలో రేషన్ కోసేస్తే ఆడవాళ్లు గేటు విరగ్గొట్టుకుని ఊళ్లోకి వచ్చి బేకరీల మీద పడ్డారు. సైనికులు వచ్చి తోలుకెళ్తుంటే కొంగుల్లో రొట్టెలు మూటగట్టుకునే వెళ్లారట.

పాతకాగితాలు గారూ, ఒకటి అడగాలి. ఆ టిప్పరేరీ ఆవిడ, ఇద్దరు పిల్లలతో అక్కడ మిగిలిపోయిన భార్య, ఆవిడ గురించి ఎక్కడైనా దొరుకుతుందా?

టూంగాబీవాసి:

సరిగ్గా నేను అడగబోయిందే మేడమ్ అడిగేశారు. ఈ పై కథలన్నీ పక్కింటావిడకి ఇంగ్లీషులో చెప్పాను. మొదటి భార్య సంగతి వచ్చేసరికి ఆవిడ కూడా అదే అడిగింది. మనవడేమో ఇక్కడి రికార్డులే చూశాడట.

పాతకాగితాలు:

దొరకొచ్చు. ఐర్లాండ్ వైపు వెతకండి.

1922లో పాత రికార్డులు దాచిన డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ భవనం తగలబడినప్పుడు 1836కి ముందున్న ద్వీపాంతర రిజిస్టర్లు బూడిదయ్యాయి. మీవాళ్లాయన 1830ల మొదట్లో వచ్చి ఉంటే అక్కడ ఆ రిజిస్టరు దొరకదు. కానీ అర్జీలు మిగిలాయి. శిక్ష తగ్గించమని ఖైదీలు, తల్లులు, భార్యలు డబ్లిన్ క్యాజిల్‌లోని ప్రభుత్వానికి పెట్టుకున్నవి. చాలావరకు ఊళ్లో చదువు వచ్చినవాడెవడో రాసిపెట్టినవే, అందుకే అన్నీ ఒకే మూసలో ఉంటాయి. కానీ మధ్యలో ఒక్కసారిగా బతుకు కనబడుతుంది, కౌలు ఎంత బాకీ, పిల్ల వయసెంత, ఆవు ఎప్పుడు చచ్చింది అని. 1988లో ఆస్ట్రేలియాకి రెండొందల ఏళ్లు అయిన సందర్భంగా ఐర్లాండ్ ప్రభుత్వం వీటి మైక్రోఫిల్ములు కానుకగా ఇచ్చింది. సూచిక ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది, ఐర్లాండ్ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్లది.

ఇంకో రకం అర్జీ కూడా చూడండి. నడవడి బాగున్న ఖైదీ తన భార్యాపిల్లల్ని ప్రభుత్వ ఖర్చుతో పిలిపించమని అడగొచ్చు. కొంతమందికి నిజంగానే ఇచ్చారు. అడిగాడా, ఆవిడ రానందా, పేరు పిలిచేసరికి ఊళ్లో లేదా, ఇవన్నీ ఆ కాగితాల వెంట తెలుస్తాయి.

రెండో పెళ్లి సంగతి. శిక్షలో ఉండగా పెళ్లి చేసుకోవాలంటే గవర్నర్ అనుమతి కావాలి. ఓడ కాగితంలో పెళ్లయిందని ఉంటే, మొదటి భార్య చనిపోయినట్టు రుజువు చూపకుండా అనుమతి దొరకడం కష్టం. ఆ అనుమతుల రిజిస్టరు సిడ్నీలో ఉంది. అక్కడ పేరు ఎదురుగా భార్య పోయినవాడు అని ఉంటే ఒక కథ, దరఖాస్తు తిరస్కరించారని ఉంటే ఇంకో కథ. విడుదలయ్యాక చేసుకుంటే అసలు అడిగేవాడే లేడు. కాబట్టి ముందు సర్టిఫికెట్ ఆఫ్ ఫ్రీడం తేదీ, పెళ్లి తేదీ పక్కపక్కన పెట్టి చూడమనండి మనవణ్ని.

వెతికేటప్పుడు పేరుని నమ్ముకోవద్దు. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు, ఐరిష్ ఇంటిపేర్ల ముందు వచ్చే ఇంగ్లీషు 'O' అక్షరం ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు. టిప్పరేరీ నుంచి ఒకే పేరుతో ఒకే ఏడాది ముగ్గురు వచ్చి ఉండొచ్చు. అప్పటి గుమాస్తాలు కూడా మనిషిని ఓడ పేరుతో కలిపే గుర్తుపెట్టుకునేవాళ్లు. ఫ్రేము కట్టించిన కాగితం పైన ఓడ పేరు, అది దిగిన తేదీ ఉంటాయి. ఆ రెండూ ఇక్కడ పెట్టండి. మిగతాది నేనూ చూస్తాను.